సప్పుడు లేని సముద్రం

సూరత్‌ల సముద్రం చూసినవా అని మా వాడకట్టుల ఎవలు కలిసినా అడుగుతున్నరు. చూసిన. కాళ్లు గూడ తడుపుకున్న. అక్కడి ఇసుక నల్లగ ఉంటది, పొయ్యిల బూడిద తడిసినట్టు. గని నేను పోయింది సముద్రం కోసం గాదు. నా కొడుకును ఇంటికి తోలుకొద్దామని పోయిన.

నా కొడుకు రాజేశం పెండ్లికి ముందే సూరత్ పోయిండు. అక్కడ సాంచాలు నడుపుతడు. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచా అంటం. ఏడాది సంది వాడు నాతోని ఫోన్ల మాట్లాడుతలేడు. ఎప్పుడు చేసినా కోడలు స్వరూపే ఎత్తుతది. పండుకున్నడు అంటది, డ్యూటీల ఉన్నడు అంటది. నా మీద ఎందుకలిగిండో అని నేను తిట్టుకుంట ఉన్న. ఒకనాడు గట్టిగ నిలదీస్తె కోడలు ఏడ్చింది.

"అలుగుడు గాదత్తమ్మా. ఆయినకు చెవులు ఇనొస్తలేవు. సాంచాల మోతకు పోయినయి. సాంచాలు ఇడిచిపెడ్తె ఉన్నకాడికన్న ఉంటయి, లేకుంటె అవి గూడ పోతయని డాక్టర్ చెప్పిండు. చెవికి పెట్టుకునే మిషను గూడ ఇప్పిచ్చిండ్రు. డబ్బ ఇప్పుతనే లేడు."

నా తమ్మునికి మెట్‌పల్లిల కిరాణం దుకానం ఉన్నది. అల్లున్ని గల్లా కాడ కూసుండవెడ్త అన్నడు. ఇంకేంది, సంచి సదురుకున్న.

రైల్ల

కుదురుగ కూసుందామంటె కాలు నిలువది. పోయెటప్పుడంత గదే బాధ. కిటికీల నుంచి పత్తి చేన్లు చూసిన, లేచిన, తలుపు దాంక పోయిన, మల్లొచ్చి కూసున్న. ఎదురు సీటు ముసలాయన "కూర్చోండమ్మా, మీరు నడిస్తే రైలు తొందరగా పోదు" అన్నడు. మర్యాదగనే అన్నడు గని నాకు మండింది.

రైల్ల చాయ పదిహేను రూపాయలు. గిలాస చూస్తె చిన్నపిల్లలకు మందు పోసేటంత. నేను తాగలే. మక్కరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టుకపోయిన, అవే తిన్న.

భుసావళ్‌ల ఒక మరాఠీ ఆమె అరటిపండ్ల గంప తోటి ఎక్కింది. గోచి చీర, నా వయసే. ఒక పండు చేతిల పెట్టింది. ఊకెనే తీసుకునుడు నాకు చాతగాదు, ఒక రొట్టె ఇచ్చిన. ఆమె కారానికి కండ్లెంట నీళ్లు వెట్టుకుని నవ్వింది. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతోని చెప్పిన, కొడుకును తోలుకొచ్చెటందుకు పోతున్న అని. ఆమె కొడుకు గూడ అక్కడనే రంగుల మిల్లుల ఉన్నడట. పండుగకు వస్తె సెల్‌ఫోను చూసుకుంట కూసుంటడట.

"సూరత్‌ల పైసలు దొరుకుతయి, మనిషి దొరకడు" అన్నది.

"నేను దొరకవట్టుకొని వస్త, చూడు" అన్న. ఆమెకు ఏం సమజైందో గని తలూపింది.

పర్వత్ పాటియా

కోడలు ఉధ్నా స్టేషన్‌కు వచ్చింది. వాళ్లుండేది పర్వత్ పాటియాల. షేరింగ్ ఆటోల కుక్కిండ్రు, మనిషికి ఇరవై. సందు మలిగినంక మన మాటలే ఇనవడ్డయి. జగిత్యాలోళ్లు, కోరుట్లోళ్లు, సిరిసిల్లోళ్లు. ఒకామె గడప కాడ కూసుండి చీర అంచుకు అద్దాలు అంటిచ్చుకుంట "ఏమే స్వరూపా, మీ అత్తనా?" అని అడిగింది. ఊరు ఇడిచి వచ్చినట్టే లేదు. గని కాళ్ల కింద బండలు వణుకుతుంటయి. ఏంది భూకంపమా అంటె, పక్క సందుల సాంచాలు నడుస్తున్నయి అన్నది కోడలు. గిలాసల నీళ్లు సుత నిలకడగ ఉండవు అక్కడ.

ఒక్కటే అర్ర. అర్రల ఒక మూలకు నా కొడుకు పండుకొని ఉన్నడు. రాత్రి డ్యూటీ చేసొస్తె పగలంత నిద్రనే. ఇంకో మూలకు టీవీ. టీవీ ముంగట నా మనవరాలు నిధి. నన్ను బాపమ్మ అంటది. తొమ్మిదేండ్ల పిల్ల, తెలుగు, హిందీ, గుజరాతీ ఒకే నోట్ల కలిపి మాట్లాడుతది.

టీవీల రంగురంగుల చేపలు. బొమ్మల సినిమా. సప్పుడు మాత్రం లేదు. చేపలు నోర్లు తెరుస్తున్నయి, మూస్తున్నయి, పిల్ల కడుపు పట్టుకొని నవ్వుతుంది. నాయిన నిద్ర చెడుతదని తగ్గిచ్చిందేమో, బుద్ధిగల్ల పిల్ల అనుకున్న. పళ్లెం తీయబోతె చెయ్యి జారి కిందవడ్డది. పక్కింటోళ్లు తలుపు కాడికొచ్చి చూసిండ్రు. నా కొడుకు కదలలే. ఫోన్ల ఇన్నది వేరు, గట్ల చూసుడు వేరు.

పొద్దుగూకినంక లేచిండు. నన్ను చూసి కాళ్లు మొక్కిండు. నేనేం మాట్లాడినా నా నోటి దిక్కే చూస్తడు. అన్నం తిన్నంక ముగ్గురు టీవీ ముంగట కూసున్నరు. మల్ల అదే చేపల సినిమా, మల్ల సప్పుడు బందు. అప్పుడు నా కొడుకు మొదలువెట్టిండు.

"అమ్మా, గీ ఎనిమిది చేతులదున్నది జూడు, గిది కారీగర్. చెయ్యికొక సాంచా నడుపుతది. గా తిమింగలం సేటు. ఇంకో రెండు సాంచాలు చూస్కోరా అంటుండు. చేతులెక్కడియి సేట్, నీ తోక ఇయ్యరాదు అంటుంది గిది."

కోడలు నవ్వి నవ్వి పక్కకొరిగింది. నాతోని ఏడాది సంది మాట్లాడని కొడుకు, చేపల తరఫున గంట సేపు మాట్లాడిండు. నిధి నా చెవిల చెప్పింది. "అసల్ స్టోరీ వేరే ఉంటది బాపమ్మా. స్కూల్ల అందరికి తెల్సు. పప్పాకు చెప్పకు. పప్పా స్టోరీనే మస్త్ ఉంటది."

సముద్రం సినిమాలంటె ఆ ఇంట్ల పిచ్చి. సెలవు వచ్చిందంటె అక్వేరియం అంటరు. అద్దాల ఎన్క చేపలను పెట్టి టికెట్ తీసుకుంటరట. మా దిక్కు పైసలిచ్చి చేపను ఇంటికి తెచ్చుకుంటం, వీళ్లు పైసలిచ్చి చూసి వస్తరు. నేను గదే అన్న. కోడలు తల దించుకుంది.

"ఇంటికి పోదాం నడు రాజేశం" అన్న, నోరు పెద్దగ తెరిచి, చేతులు ఊపి.

"సెలవు నాడు మాట్లాడుదాం అమ్మా" అన్నడు. మిషను డబ్బ టీవీ మీదనే ఉన్నది, దాని మీద దువ్వెన.

ఖాతాల

సాంచాలున్న షెడ్డును అక్కడ ఖాతా అంటరు. సెలవు దాంక ఆగుడు నాతోని గాలే. మరునాడు డ్యూటీ పగటికి మారింది. టిఫిన్ నేనే తీసుకపోయిన.

నేను నేతోళ్ల ఇంట్ల పుట్టిన, నేతోళ్ల ఇంటికే పోయిన. గని అసొంటి మోత నేనెన్నడు ఇనలే. మోత చెవులల్ల గాదు, పండ్లల్ల ఇనొస్తది. రాజేశం అని ఒర్రిన. నా ఒర్రుడు నాకే ఇనొస్తలేదు. వాడు నన్ను చూడలేదు. రెండు వరుసల నడుమ ఉరుకుతుండు, తెగిన పోగు ముడి వేస్తుండు, ఆ చివరన ఒక ఒడియా ఆయనతోని చేతులతోని ముచ్చట వెట్టిండు. ఆయన కడుపు ముంగట గుండ్రంగ చెయ్యి తిప్పిండు, అంటె సేటు వస్తుండు అని తర్వాత తెలిసింది. వీడు రెండు వేళ్లు పెదవులకు ఆనిచ్చిండు, అంటె చాయ తాగనియ్యడా అని. అందరు నవ్విండ్రు. నవ్వు గూడ ఇనరాలే, పండ్లే కనవడ్డయి.

నన్ను చూడంగనే రెండు చేతులు పసిపిల్లను ఊపినట్టు ఊపి చూపెట్టిండు. అమ్మ అని. షెడ్డుల ఉన్నోళ్లంత సాంచాల మీదికెళ్లి నాకు దండం పెట్టిండ్రు. నాకు సిగ్గయింది. అక్కడ నోరు ఆడిచ్చేదాన్ని నేనొక్కదాన్నే, ఏం తెల్వనిదాన్ని నేనొక్కదాన్నే.

బయట చాయ బండి కాడ కూసున్నం. వాడు టిఫిన్ ఇప్పుకుంట, నేను అడగకముందే చెప్పిండు.

"సాంచాల కాడ నేను చెవిటోన్ని గాదమ్మా. బయటికొస్తెనే చెవిటోన్ని. మామ దుకాన్ల కూసుండవెడ్త అంటున్నవు. ఒకడు చింతపండు అడుగుతడు, నేను చక్కెర కడ్త. రెండుసార్లు నవ్వుతరు, మూడోసారి వేరే దుకానం పోతరు. మామ ఏమనడు, ఆయిన మంచోడే. గని నాకు కండ్లుంటయి గద."

నేను దారి పొడుగున కుట్టుకున్న మాటలన్ని ఆడనే పోగుపోగు అయినయి. చాయ తాగి లేచిన. ఇంటికి పోయె తొవ్వ తప్పి కూరగాయల మార్కెట్ల తిరిగిన. వంకాయ కిలో అరవై. మనకాడ ముప్పై. కొనకుంట వచ్చిన.

చేపల ఇల్లు

సెలవు వచ్చింది. పొద్దుగాల బండి మీద లోచో తినిపిచ్చిండ్రు. శనగపిండిని మెత్తగ ఉడికిచ్చి నూనె, కారంపొడి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లుతరు. పళ్లేనికి నలభై. బాగనే ఉన్నది, పైసలు నేనిచ్చేదుంటె బాగుండకపోవు. గుజరాతోళ్ల పప్పుల మాత్రం చక్కెర వేస్తరు. గది నాకు మింగుడు పడలే.

అక్వేరియంల లోపట చీకటి, సల్లగ, నీలం వెలుగు. గోడకు గోడంత అద్దం, ఎన్క చేపలు. నేను ఒక పొడుగు చేపను చూసి "గిది పులుసుకు పనికొస్తదా?" అని నిధిని అడిగిన. పక్కన మనవలతోని వచ్చిన గుజరాతీ ముసలామె ఉండె, తెల్లచీర కొంగు తల మీద, చేతిల థేప్లాల డబ్బ. నేనేమన్ననో చెప్పుమని నిధిని అడిగింది. పిల్ల గుజరాతీల ఏదో చెప్పింది. ఆమె సంబురంగ నా చేతిల రెండు థేప్లాలు పెట్టింది.

"ఏం చెప్పినవే?"

"చేపలల్ల దేవుడు కనవడుతుండు అన్నవని చెప్పిన. వాళ్లు చేపలు తినరు బాపమ్మా, నువ్వు అన్నది చెప్తె నిన్ను ఉరికిచ్చేటోళ్లు."

థేప్లాలు మెంతికూర వేసి చేసినయి, మన రొట్టె కన్న పల్చన. ఇగురం తెలిసినామె చేసింది.

నా కొడుకు పెద్ద అద్దం తొట్టికి ఆ దిక్కు నిలవడ్డడు, పిల్ల ఈ దిక్కు. నడుమ చేపలు. ఇద్దరు చేతులతోని మాట్లాడుతున్నరు. వాడు కడుపు ముంగట చెయ్యి తిప్పి ఒక లావు చేపను చూపెట్టిండు. సేటు. పిల్ల పోగు ముడి వేసినట్టు వేళ్లు ఆడిచ్చి చిన్న చేపల గుంపును చూపెట్టింది. వీళ్లు కారీగర్లు. కోడలు వాళ్లిద్దరిని చూసుకుంట నిలవడ్డది. ఆడ ఎవలూ గట్టిగ మాట్లాడరు. మాట్లాడినా అద్దం దాటదు. టికెట్ పైసలు దండుగ అన్న మాట నా నోట్లకెళ్లి మల్ల రాలే.

ఒక్కటే నచ్చలే. ఎన్కకెళ్లి "నిధీ, చున్నీ కింద పడ్డది" అన్న. పలుకలే. ఇంకోసారి పిలిచిన, పలుకలే. సినిమా చూసేటప్పుడు గూడ గంతే. పెద్దోళ్లు పిలుస్తె పలుకని పిల్లలంటె నాకు ఒళ్లు మంట. బయటికి పోయినంక చెప్త దీని పని అనుకున్న.

డుమస్

డుమస్‌ల సముద్రం శాన దూరం ఎన్కకు పోయి ఉండె. నల్లటి బురద ఇసుక, దాని మీద ఒంటెలు, గుర్రపు బండ్లు, మక్కకంకులు కాల్చెటోళ్లు. టమాట బజ్జీలు అక్కడ పేరుగల్లయట. టమాట చక్రం మీద పచ్చి కారం పూసి వేపుతరు. కాగితం మీద ఆరు పెట్టి డెబ్బై తీసుకున్నడు. నేను అడిగిన, టమాటలకు కరువొచ్చిందా అని. అమ్మెటాయన తెలుగు రాకున్నా నవ్విండు, ఒకటి ఎక్కువ వేసిండు.

బజ్జీ నోట్ల ఉండంగనే కొడుకును అడిగిన. "సెలవు నాడు మాట్లాడుదాం అన్నవు. సాంచాలు ఇడుస్తవా లేదా, చెప్పు."

వాడు సముద్రం దిక్కు మర్రిండు. మొఖం తిప్పుకుంటె ఇంక నేనేమన్నా వానికి ఇనరాదు. గది వానికి తెల్సు.

పిల్ల మా ఎన్కకు ఉరికింది, ఒంటెల దిక్కు. అప్పుడే ఎడమ పక్కకెళ్లి గుర్రపు బండి వచ్చింది. మీద పడుచు పిలగాండ్లు, కేకలు, ఈలలు. తోలెటోడు "హటో, హటో" అని గొంతు చించుకుంటుండు. చుట్టుపక్కలోళ్లంత తిరిగి చూసిండ్రు. ఇద్దరే తిరుగలే. నా కొడుకు, నా మనవరాలు.

నేనెట్ల ఉరికిన్నో నాకు తెల్వది. ఒక చెప్పు బురదల ఉండిపోయింది. పిల్ల జెడ పట్టుకొని గుంజిన. ఇద్దరం ఎల్లెలుకల పడ్డం. గుర్రం కాలు మా పక్కకెళ్లి పోయింది, బురద మొఖం మీద కొట్టింది. బండోడు తిట్టుకుంట పోయిండు. నేను పిల్లను లేపి రెండు వేద్దామని చెయ్యి ఎత్తిన. అది నా నోటి దిక్కు చూస్తుంది, అచ్చం దాని నాయిన చూసినట్టు. అనుమానమయింది. జుట్టు పక్కకు జరిపి చూస్తె చెవిల నూలు. పచ్చ నూలు, ఉండ చుట్టి లోపటికి కుక్కింది. రెండో చెవిల గూడ. సాంచాల కాడ తెగి పడే నూలు, వాళ్ల నాయిన చేతులు తుడుచుకోను జేబుల తెస్తడు.

గుంజి తీసిన. "ఏందే ఇది? ఎందుకు పెట్టుకున్నవే?"

"పప్పాకు ఎట్లుంటదో చూస్తున్న బాపమ్మా."

"ఎప్పటి సంది?"

"పప్పా పండుకున్నప్పుడు టీవీ చూస్తె రోజు పెట్టుకుంట. అక్వేరియంల గూడ పెట్టుకుంట, ఇయ్యాల ఇంక తీయలే. పెట్టుకుంటె చేపలు ఇంక మంచిగ కనవడ్తయి."

కోడలు ఉరికొచ్చింది. ఆమెకు గూడ తెల్వదు, మొఖం చూస్తెనే తెలిసింది. ఆమెను చూసి నా కొడుకు ఎన్కకు తిరిగిండు. బురదల మమ్ముల చూసి ఉరికొచ్చిండు. నేను అరచెయ్యి తెరిచి ఆ రెండు ఉండలు చూపెట్టి, పిల్ల చెవులు చూపెట్టిన. వాని సాంచా మీద ఆ వారమంత పచ్చ చీరలే నడుస్తున్నయి.

వాడు బురదలనే కూలవడ్డడు. పిల్ల ఒళ్లె కూసుంటె దాని చెవులు రెండు చేతులతోని రుద్దుకుంట శాన సేపున్నడు. కోడలు నా చెప్పు దేవులాడింది. దొరకలే. కొన్నకాడికి ఇంక రెండేండ్లు నడిచే చెప్పు.

లేచేముందు "రేపు సేటుతోని మాట్లాడుత. సాంచాల కాడికి పోను" అన్నడు. గొంతు పెద్దగ వచ్చింది, చుట్టుపక్కలోళ్లు చూసిండ్రు.

సేటు ముంగట

మాట అంటె నమ్మేదాన్ని గాదు నేను. ఎల్లుండి రైలు టికెట్ వాపస్ చేపిచ్చిన. సగం పైసలు కోసుకున్నరు. అయినా చేపిచ్చిన.

మరునాడు కొడుకు ఎన్క నేను, నా ఎన్క నిధి. సేటు కాఠియావాడు దిక్కాయన, చెప్పులిడిచి గద్దె మీద కూసుంటడు. ఆయనకు ఎదురుంగ నేను గూడ కూసున్న.

"మాసీ, మంచి కారీగర్ ఇతను" అన్నడు, నిధి తెలుగుల చెప్పింది. "బట్ట మడతపెట్టే కాడ జాగ ఉన్నది. కాని అక్కడ ఆడోళ్లు చేస్తరు. పగార్ తక్కువ."

"ఎంత తక్కువ అని అడుగకే" అని నిధికి చెప్పిన. "అడిగితె నేను లేచిపోత. పెట్టుకుంటవా లేదా, గంతే అడుగు."

సేటు నవ్విండు. నా కొడుకు సేటు పెదవులే చూస్తుండు. తలూపిండు. మిషను పెట్టుకోవాలె, లేకుంటె అక్కడ పని నడువదు అన్నడు సేటు. దానికి గూడ తలూపిండు.

అయిపోయింది అనుకున్న. కాలే. మడతకాడ ఆడోళ్లు బల్లల చుట్టు నిలవడి తానులు మడుస్తరు. వీడు మొదటి రోజు మధ్యాహ్నానికే మిషను తీసి జేబుల వేసుకున్నడట. కూత వస్తుంది, గుచ్చుకుంటుంది అన్నడు. రాత్రి నిద్ర లేదు. సాంచాలు ఇంక తలల నడుస్తనే ఉన్నయట. టీవీ పెట్టలే, చేపల కత చెప్పలే. కోడలు గిన్నెలు గట్టిగ పెట్టింది. ఖాతాల చేతులతోని నవ్విచ్చేటోన్ని తీసుకపోయి, ఎవల మాట తెల్వని బల్ల కాడ నిలవెట్టిన. మంచి చేసిన్నా, చెడు చేసిన్నా? తెల్వలే. నిధి చెవులు మాత్రం రోజు పొద్దున చూసిన. ఖాళీగనే ఉన్నయి.

మల్ల ఇంట్ల

ఒక్కదాన్నే తిరిగొచ్చిన. ఇంటికొచ్చినంక పని మీద మనసు పడలే. ఫోన్ చేస్తె కోడలే ఎత్తుతది. "పోతుండు అత్తమ్మా" అంటది. పోతుండంటె సంబురంగనా, బలవంతంగనా అని అడుగబుద్ధి గాలే. మా తమ్ముడు "దుకాన్లకు రాకపాయె, ఉన్న పగార్ పాయె, నువ్వు పోయి ఏం చేసొచ్చినవక్కా?" అన్నడు.

నిన్న పొద్దుగూకినంక ఫోను మోగింది. ఎత్తితె ఊపిరి ఇనొస్తుంది. తర్వాత నా కొడుకు గొంతు.

"అమ్మా, ఏదన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె రా? తిన్నవా?"

"తిన్న" అన్నడు. నా పాణం లేచి నిలవడ్డది. కోడలు చెప్పలే, పిల్ల చెప్పలే. వాడే ఇన్నడు.

"గీ మిషను పెట్టుకున్న సంది పరేషాన్ ఉన్నదమ్మా. మడతకాడ ఆడోళ్లు పొద్దంత ఒకటే లొల్లి. అత్తల మీద, కూరగాయల మీద, ఇంటి కిరాయల మీద. ఒక్కతి నోరు మూయదు. నా తల పలుగుతుంది."

"పలుగనియ్ బిడ్డా" అన్న. "ఇంక ఏమేం మాట్లాడిండ్రో, మొదటికెళ్లి చెప్పు."